కొబ్బరినీళ్ళ కుబుసం

లీలాకుమారి చదువేమిటో ఫిలింనగర్లో ఒక్కొక్కరికి ఒక్కోలా తెలుసు. లైట్‌మెన్‌కి ఆమె కడుపునొప్పుల డాక్టరు. మేకప్ రూము వాళ్ళ లెక్కలో పురుగుమందుల కంపెనీ ఉద్యోగి. క్యాంటీను వాళ్ళయితే ఆమె కనపడగానే ఇడ్లీపిండి గిన్నె మీద మూత పెట్టేసేవాళ్ళు, తనిఖీకొచ్చిందేమోనని. ఈ గందరగోళానికంతా కారణం వాళ్ళ నాన్నగారు పట్టాభిరామయ్య. "మా అమ్మాయి సూక్ష్మజీవుల్లో ఉందండీ" అని, అదేదో పెద్ద బ్యానరైనట్టు ఆయన అందరికీ చెప్పుకునేవారు.

ఆయన ప్రొడక్షన్ మేనేజరు. దర్శకుడు ఏనుగు కావాలంటే ఏనుగు, ఎండాకాలంలో మంచు కావాలంటే మంచు తెచ్చి సెట్టు మీద పెట్టడం ఆయన పని. "దొరకదు" అన్న మాట తన నోటెమ్మట ఎప్పుడూ రాలేదని ఆయన గర్వం. పరిశ్రమ మద్రాసు నుంచి ఒక్కో ఆఫీసూ ఒక్కో ఆఫీసూ హైదరాబాదుకు కదులుతున్న రోజుల్లో ఆయన కూడా భార్య అమ్మాజీని, కూతుర్ని తీసుకుని వచ్చేసి, శ్రీనగర్ కాలనీలో ఒక మేడ మీది వాటాలో దిగారు. లీల ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరింది.

ఆమె పరిశోధన చేస్తున్నది ఒక బాక్టీరియా మీద. అది కుళ్ళిన పళ్ళ మీదా, పులిసిన కల్లులోనూ ఉంటుంది. తియ్యటి నీళ్ళు కదలకుండా దొరికితే చాలు, వారం తిరిగేసరికి పైన తెల్లగా తెట్టు కడుతుంది. చూడ్డానికి పాలమీద మీగడే. పట్టి లాగితే మాత్రం చిరగదు, తడి తోలులా సాగుతుంది. ఎందుకంటే అది పత్తిలో ఉండే పదార్థమే, సెల్యులోజ్. పత్తిచెట్టు నెలల తరబడి ఎండా వానా తిని చేసే పనిని ఈ కంటికి కనిపించని జీవి తన ఒంటి పొరలో కూర్చున్న ఎంజైములతో చేసేస్తుంది.

ఎలా చేస్తుందన్నదే లీల ప్రశ్న. ఒకసారి వంటింట్లో అమ్మాజీ మల్లెపూలు కడుతుంటే పక్కన చతికిలబడి చెప్పబోయింది.

"అమ్మా, నువ్వు తాళం వేసిన గదిలో ఉన్నావనుకో. పూలన్నీ లోపలే ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో పువ్వే కడుతున్నావు. కట్టిన దండని కట్టినట్టే ఊచల్లోంచి బయటికి వదులుతున్నావు. ఆ పువ్వులు చక్కెర. కిటికీ దాని ఒంటి పొర. కిటికీలో కూర్చున్న నువ్వు ఎంజైమువి."

"నన్ను గదిలో పెట్టి తాళం ఎవరేశారే?"

"ఎవరూ వెయ్యలేదమ్మా, అనుకోమన్నాను."

"మీ నాన్నే వేసుంటారు" అని అమ్మాజీ దండ ముడివేసి లేచింది.

లీలకు మార్గదర్శి శాంత గారు. తెల్ల వాయిల్ చీర, బిగించిన ముడి, అనవసరంగా ఒక్క అక్షరం మాట్లాడని మనిషి. ఆవిడకీ లీలకీ ఈ దండ దగ్గరే తగువు. దండ మొత్తాన్నీ లోపలే కట్టి, కొవ్వులాంటి ఒక బుట్టలో పెట్టి, పొర దాటించి బయట దింపుతుందని శాంత గారి అనుమానం. కాదు, కడుతూనే బయటికి తోస్తుంది, కట్టే చెయ్యీ తోసే చెయ్యీ ఒకటేనని లీల వాదన. "వేల చక్కెరల పొడుగు దండ మేడం. అంతా లోపలే కడితే గదిలో కాలు పెట్టే చోటుండదు" అనేది. శాంత గారు కళ్ళజోడు సర్దుకుని, "వాదన బాగుంది లీలా. ఋజువు చూపించు" అనేవారు. అక్కడితో ఆ రోజుకి ఆపేసేవారు.

ఋజువు చూపించాలంటే బాక్టీరియా కుప్పలుగా కావాలి. వాటిని చల్లటి మంచులో పగలగొట్టి, పొర ముక్కల్ని విడదీసి, వాటికి చక్కెర అందించి, దండ కడతాయో లేదో చూడాలి. ప్రయోగశాలలో ఉన్న గాజు పళ్ళేలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మంచు యంత్రం ఉన్నా అది పనిచేసిన రోజు పండగే. అందుకని లీల ఇంట్లో స్నానాల గది పక్కన ఒక ప్లాస్టిక్ బేసినులో కొబ్బరినీళ్ళు పోసి కొన్నిటిని పెంచుకుంటూ ఉండేది. ఇల్లంతా ఆవకాయ జాడీ పగిలినంత పుల్లటి వాసన.

ఇది 1991 సంగతి. అచ్యుతరామయ్య గారని ఒకాయన భీమవరం నుంచి వచ్చారు. రొయ్యల చెరువుల్లో బాగా కలిసొచ్చి, ఆ ఊపులో ఒక పాము సినిమా మొదలుపెట్టారు. కథకు గుండెకాయ ఒక్క ఘట్టం. నాగకన్య మనిషి రూపం ఎత్తేముందు కుబుసం విడవాలి. నిలువెత్తు కుబుసంలోంచి కథానాయిక అలా జారి బయటికి రావాలి. దర్శకుడు సుబ్రహ్మణ్యం ఆ ఒక్క షాటుకోసమే సినిమా ఒప్పుకున్నానని అందరితో చెప్పేవాడు. మద్రాసు నుంచి రబ్బరు కుబుసం ఒకటి తెప్పించారు. అచ్యుతరామయ్య గారు దాన్ని చూసి, "ఇదేంటండి బాబూ, లారీ ట్యూబులా ఉంది! ఇందులోంచి హీరోయినొస్తే పంక్చరతికించుకుని వచ్చిందంటారండి జనం!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నారు.

అందరూ పట్టాభిరామయ్య గారి వైపు తిరిగారు. ఆయనకి ఆ క్షణంలో స్నానాల గది పక్కనున్న బేసిను గుర్తొచ్చింది.

"దొరుకుతుంది. మా అమ్మాయి నేయిస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే లీల నాన్న మీద విరుచుకుపడింది. "అవి బాక్టీరియాలు నాన్నా! పోచంపల్లి నేతగాళ్ళు కాదు, కొలతలిస్తే నేసి పంపడానికి!"

"తెలుసమ్మలూ. కానీ మాటిచ్చేశాను."

"ఎవర్నడిగి ఇచ్చారు?"

మర్నాడు పొద్దున్నే అచ్యుతరామయ్య గారే మెట్లెక్కి వచ్చేశారు, చేతిలో స్వీట్ల పెట్టెతో. లీల వద్దంటున్నా వినకుండా బేసిను దగ్గరికెళ్ళి వంగి చూశారు. ఇక తప్పక ఆమె చేతులు కడుక్కుని తెట్టును మెల్లగా ఎత్తి, నీళ్ళలో జాడించి, కిటికీ వెలుతురుకి పట్టింది. పల్చగా, తెల్లగా, లోపలికి చూస్తే సన్న సన్న పోగులు. ఆయన నోరు తెరిచారు. వేలితో తాకబోయి, ఏదో గుర్తొచ్చినట్టు చెప్పులు విప్పి పక్కన పెట్టి, అప్పుడు తాకారు.

"కుబుసం" అన్నారు మెల్లగా. "అమ్మా, మీకేం కావాలో చెప్పండమ్మా."

లీల కాదనబోయింది. కానీ 'ఏం కావాలో' అన్న మాట దగ్గర నాలుక ఆగిపోయింది. ఏం కావాలి? పెద్ద తొట్టి కావాలి. కొబ్బరినీళ్ళు కావాలి. రొయ్యల వ్యాపారం చేసేవాడికి మంచుకు లోటుంటుందా?

"తెట్టు మీది. అడుగున మిగిలే నీళ్ళూ, అందులో ఉన్న బాక్టీరియాలూ నావి. వాటికి సరిపడా మంచు మీరే పంపాలి" అంది.

"జీవుల్ని మీరే ఉంచుకోండమ్మా, మాకు చర్మం చాలు" అని ఆయన దణ్ణం పెట్టారు.

ఫిలింనగర్లో కంపెనీ ఆఫీసు వెనక ఒక పెద్ద గోడౌను ఉండేది. పాత సింహాసనాలూ, అట్టముక్క కిరీటాలూ, ఎప్పటిదో గుడి సెట్టు కోసం పోతపోసిన నిలువెత్తు ప్లాస్టరు నాగదేవత, ఇవన్నీ అందులో దుమ్ము కొట్టుకుపోయి ఉండేవి. వడ్రంగులు ఒక పొడుగాటి చెక్క తొట్టి చేసి, లోపల మందపాటి ప్లాస్టిక్ పరిచారు. యూసుఫ్‌గూడ హోటళ్ళలో చట్నీకి కొబ్బరికాయలు కొట్టి నీళ్ళు పారబోస్తారని పట్టాభిరామయ్య గారికి తెలుసు. బిందెలిచ్చి మనుషుల్ని పంపారు. వంటవాళ్ళు గుండిగల్లో ఆ నీళ్ళు కాచి, చక్కెర కలిపి, చల్లార్చి తొట్టిలో పోశారు. లీల ఇంటినుంచి తెచ్చిన బేసినులోది అందులో కలిపి, పైన పల్చటి గుడ్డ కట్టించి, అందరికీ గట్టిగా చెప్పింది.

"దీన్ని కదిలించకూడదు. మూత తియ్యకూడదు. రెండు వారాలు దాటేదాకా ఎవరూ లోపలికి రాకూడదు."

ఈ మూడు మాటలూ చాలు, ఒక పుకారు పుట్టడానికి. మూడో రోజుకే గోడౌను గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టి ఉంది. పక్కన చిన్న ఇత్తడి గిన్నెలో పాలు, ఒక గుడ్డు, పసుపు బొట్లు. లీల తలుపు తాళం చూడ్డానికి వచ్చేసరికి ఆఫీసు ఊడ్చే బుచ్చమ్మ అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"ఏంటి బుచ్చమ్మా ఇదంతా?"

"లోపట పామమ్మ పుడుతున్నదంట గద బిడ్డా. అందరు అంటున్నరు. పాలు వెట్టిన."

"పామూ లేదు, ఏమీ లేదు. కంటికి కనబడనంత చిన్న జీవులవి."

బుచ్చమ్మ ఈ మాటకు ఇంకా భక్తిగా చేతులు జోడించింది. "కనవడకుంట ఉన్నదా తల్లీ! అసలు మహిమంటె గదే."

లీల ఇంకేమీ చెప్పలేక, పాలు మాత్రం తొట్టిలో పోయొద్దని ఒట్టు వేయించుకుని వెళ్ళింది. రోజూ పొద్దున విశ్వవిద్యాలయానికి బస్సెక్కేముందు ఒకసారి వచ్చి తాళం చూసుకునేది. తాళంచెవులు రెండే. ఒకటి ఆమె దగ్గర. రెండోది పట్టాభిరామయ్య గారి దగ్గర ఉండాల్సింది. దుస్తుల పెట్టెలు కూడా ఆ గోడౌనులోనే ఉండటంతో అది కాస్టూమర్ నర్సింహ దగ్గరికి వెళ్ళింది. ఈ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు.

గడువు దాటాక మూత తీసే రోజున అందరూ వచ్చారు. అచ్యుతరామయ్య గారు పట్టుపంచె కట్టుకొచ్చారు. సుబ్రహ్మణ్యం రెండు చేతుల వేళ్ళతో ఫ్రేము కట్టి అప్పుడే షాటు చూసేసుకుంటున్నాడు. లీల గుడ్డ ముడులు విప్పి, ఎత్తి, లోపలికి చూసింది.

తెట్టు లేదు.

తొట్టి నిండా ఏదో జిగురుంది. గంజి కంటే చిక్కన, సగ్గుబియ్యం పాయసం కంటే పారదర్శకం. ఆమె గరిటె ముంచి ఎత్తితే తీగలు తీగలుగా సాగి, మళ్ళీ తొట్టిలోకి జారిపోయింది. అందరూ తొట్టి మీదికి వంగి చూశారు. చివరికి సుబ్రహ్మణ్యం, "ఇది కుబుసం కాదు, పాముకి జలుబు చేసింది" అన్నాడు.

అచ్యుతరామయ్య గారు కుర్చీ కోసం వెతుక్కుని, అక్కడున్న అట్టముక్క సింహాసనంలో కూర్చుంటే అది కాస్తా కూలిపోయింది. పట్టాభిరామయ్య గారు ఆయన్ని లేవదీస్తూ కూతురి వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. దొరకదు అన్న మాట ఇప్పుడు ఎలా పలకాలో తెలియని మనిషి బిత్తరచూపు అది. లీలకు అదే ఎక్కువ బాధనిపించింది.

"దీంట్లో ఎవరు ఏం కలిపారు?" అని అడిగింది.

బుచ్చమ్మ ముందుకొచ్చి, "నేను పాలు పొయ్యలె బిడ్డా, ఒట్టు" అంది. అప్పుడు వెనకనుంచి నర్సింహ గొంతు సవరించుకున్నాడు.

"మేడం, నేనే జర పొడి ఏసిన."

"ఏం పొడి?"

"గదే, హీరో అంగీలకు ఏస్తం గద, తెల్లగ గొట్టాలని. బట్టల కోసం వచ్చి మూత లేపి జూసిన. పైన పల్చగ ఏదో కడుతున్నది, గానీ జర మురికిగ గనవడ్డది. కెమెరాల మాసినట్టు కనవడితె మల్ల మమ్ములనే తిడతరు గద! గందుకే మూడు డబ్బాలు గుప్పిన." చెయ్యి గుండ్రంగా తిప్పి చూపిస్తూ, "మంచిగ కలిపిన గూడ" అన్నాడు.

కలిపాడు కూడానట! లీలకు ముందు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళ తాళంచెవులూ వీళ్ళ సినిమాలూ పాడుగాను, అని తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

బట్టలకు తళుకునిచ్చే ఆ పొడి గురించి ఆమె ఎక్కడో చదివింది. గ్రంథాలయంలో, పదేళ్ళ కిందటి పత్రికలో. ఆ పొడి పత్తి బట్టకెందుకు పట్టుకుంటుంది? సెల్యులోజ్ దండలంటే దానికి ఇష్టం కనక. బాక్టీరియా కిటికీలోంచి దండలు బయటికొస్తున్నప్పుడు ఒకదాని పక్కన ఒకటి చేరి, బిగుసుకుని, తాడులా మారాలి. ఆ తాళ్ళే అల్లుకుని తెట్టవుతాయి. పొడి మధ్యలో దూరి దండల్ని పట్టేసుకుంటే అవి ఒకదానికొకటి అతుక్కోలేవు. దండలైతే పుడతాయి. తాడు పేనుకోదు. జిగురు మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఇంకోటుంది. ఆ పొడి బాక్టీరియా లోపలికి వెళ్ళదు. బయటే ఉండి ఇంత పని చేసిందంటే, తాడు పేనడం జరిగేది కిటికీ బయటే. దండలు విడివిడిగా, కట్టినవి కట్టినట్టే వస్తున్నాయన్నమాట!

ఆమె మోచేతిదాకా తొట్టిలో చెయ్యి పెట్టి దేవింది. జిగురు చాలా ఉంది. మామూలు తెట్టయితే ఇంత ఉండేది కాదు. బయట తాడు పేనే అడ్డు లేకపోయేసరికి ఎంజైములు పగ్గం వదిలిన గుర్రాల్లా పరిగెత్తినట్టున్నాయి.

"అమ్మలూ, ఏడుస్తున్నావా?" అన్నారు పట్టాభిరామయ్య గారు దగ్గరికొచ్చి.

"లేదు నాన్నా. పైపు ఎక్కడుంది? నీళ్ళ పైపు?"

పొడిని కడిగేస్తే దండలు మళ్ళీ దగ్గరికి చేరతాయని కూడా ఆ పత్రికలోనే ఉంది. చదివింది గానీ చూడలేదు. గుప్పెడు జిగురు తీసుకుని కుళాయి కింద పట్టింది. కడిగేకొద్దీ అది తెల్లబడి, బిగుసుకుని, వేళ్ళమధ్య తడి నూలులా తేలింది. అచ్యుతరామయ్య గారు పంచె దులుపుకోవడం ఆపేశారు.

"రమామణి గారి కాల్షీటు ఇంకెన్ని రోజులుంది?" అని అడిగింది లీల. రమామణి ఆ సినిమా కథానాయిక.

"ఈ వారంతో సరి. ఆ పైన మద్రాసు వెళ్ళిపోతారు" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"అయితే ఆ ప్లాస్టరు నాగదేవతని బయటికి మోయించండి."

తరవాతి రెండు రోజులూ కంపెనీ మేడమీద జరిగిన పనిని ఫిలింనగర్ చాలాకాలం చెప్పుకుంది. నాగదేవత విగ్రహాన్ని పడుకోబెట్టి, నూనె రాసి, బకెట్లతో జిగురు తెచ్చి దానిమీద పోశారు. వంటవాళ్ళు దోసె తిప్పినట్టు గరిటెలతో పలచగా పరిచారు. వర్షం సీన్లకు వాడే పైపుతో సన్నటి తుంపర పెట్టి కడిగారు. తన తప్పును దిద్దుకోవాలన్న పట్టుదలతో నర్సింహ కడిగిందే కడిగాడు. "ఇంక చాలు నర్సింహా" అని లీలంటే, "మీరు ఊకోండ్రి మేడం, అంచులు మిగిలినయి" అని మళ్ళీ మొదలుపెట్టేవాడు. జిగురు బొట్లు మెట్లమీద పడి, పైకొచ్చిన వాళ్ళల్లా జారి పడుతుండేవాళ్ళు. ఫైట్ మాస్టరు పనిగట్టుకుని వచ్చి రెండుసార్లు పడి, "ఇది నాకు రాసి పెట్టండి, క్లైమాక్సుకి కావాలి" అని వెళ్ళాడు.

ఎండకి ఆరాక, మెల్లగా ఒలిచారు. వచ్చింది! నాగదేవత పొలుసులూ, పడగా, అన్నీ అచ్చుపడి, ఉల్లిపొర కంటే కాస్త మందంగా, నిలువెత్తు కుబుసం. ఒక చోట చిరిగింది, అంచులు ముడుచుకున్నాయి. అయినా కుబుసమే. బుచ్చమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఈసారి లీల అడ్డు చెప్పలేదు.

షూటింగు రోజున రమామణి దాని దగ్గరకొచ్చి ముక్కు మూసుకుంది. "ఏంటండీ ఈ ఊరగాయ వాసన?"

"నాగలోకం పరిమళమమ్మా" అన్నారు పట్టాభిరామయ్య గారు తడుముకోకుండా.

రెండో కుబుసం చెయ్యడానికి వ్యవధి లేదు. ఉన్నది ఒక్కటే, టేకూ ఒక్కటే. దీపాలు వెలిగాయి. ఆ క్షణంలో కుబుసం నీలిమెరుపుతో వెలిగింది. నర్సింహ ఎంత కడిగినా ఆ పొడి కొంచెం పట్టే ఉంది మరి. సెట్టంతా "అబ్బ" అంది. నర్సింహ లీల వైపు తిరిగి గొంతు తగ్గించి, "నేను జెప్పలే? కెమెరాల మంచిగ గొడ్తదని!" అన్నాడు. సుబ్రహ్మణ్యం యాక్షన్ చెప్పాడు. కుబుసం నడిమధ్యలో చీలింది. రమామణి ఒక భుజం, తల, రెండో భుజం... బ్రహ్మాండంగా బయటికొచ్చింది. పూర్తిగా వచ్చి, కెమెరా కళ్ళలోకి చూసి, పెదవులు విప్పి, పెద్దగా తుమ్మింది.

కట్ చెప్పేసరికి కుబుసం రెండు ముక్కలై కిందపడి ఉంది. అచ్యుతరామయ్య గారు గుండె పట్టుకున్నారు. సుబ్రహ్మణ్యం కుర్చీలోంచి లేచి, అటూ ఇటూ నడిచి, "పాములు తుమ్మవని ఎవరైనా చూశారా?" అని అడిగాడు. ఎవరూ చూడలేదు. షాటు ఓకే అయింది.

మంచుపెట్టెల్లో జీవుల్ని సర్దుకుని లీల మర్నాడు ప్రయోగశాలకు వెళ్ళింది. ఆ పెట్టెలమీద రొయ్య బొమ్మలుండటం చూసి శాంత గారు కనుబొమలెత్తారు. లీల జరిగిందంతా చెప్పింది. ఆవిడ మొత్తం విని, "పొడి సంగతి పదేళ్ళ కిందే అచ్చయింది" అన్నారు.

"అవును మేడం. నేను ఇప్పుడు చూశాను."

"గోడౌన్లో చూసింది చూసినట్టు కాదు. ఇక్కడ చెయ్యి. పొడి తూచి వెయ్యి. వెయ్యని పళ్ళెం ఒకటి పక్కన పెట్టు."

చేసింది. పొడి వేసిన పళ్ళెంలో జిగురొచ్చింది, వెయ్యనిదాంట్లో తెట్టొచ్చింది. తరవాత నెలలకొద్దీ అసలు పని. అచ్యుతరామయ్య గారు మంచు పంపినన్నాళ్ళూ బాక్టీరియాల్ని పగలగొట్టి, పొర ముక్కల్ని మాత్రమే నాళికలో ఉంచి, చక్కెర అందించింది. ఎన్నోసార్లు ఏమీ రాలేదు. ఒకసారి నాళిక పగిలింది, ఒకసారి కరెంటు పోయింది, ఒకసారి చక్కెర బదులు ఉప్పు కలిపి తానే నవ్వుకుంది. చివరికి ఒక మధ్యాహ్నం నాళిక అడుగున మసకగా దూదిపోగులాంటిది కనిపించింది. బుట్ట జాడ వెతికితే ఎక్కడా దొరకలేదు. గది లేదు, గోడలు లేవు, కిటికీ చెక్క ఒక్కటే మిగిలింది. అయినా అది దండ కడుతూనే ఉంది. లీల నాళికను వెలుతురుకి పట్టుకుని, ఎవరూ లేరు కదా అని కాసేపు దానితో మాట్లాడింది కూడా.

శాంత గారు ఆ నాళికను చాలాసేపు చూశారు. "బుట్ట లేదని నువ్వు ఋజువు చెయ్యలేదు. నీకు దొరకలేదని చెప్పగలవు. అలాగే రాయి" అన్నారు. వెళ్ళిపోబోతూ గుమ్మంలో ఆగి, "నా పందెం మాత్రం ఇప్పుడు నీ వైపే" అన్నారు. ఆవిడ నోటెమ్మట పందెం అన్న మాట లీల వినడం అదే మొదటిసారి.

ఆమె సిద్ధాంత గ్రంథం ప్రపంచాన్ని తలకిందులు చెయ్యలేదు. దూరదేశాల్లో వాళ్ళు ఇంకా మంచి పనిముట్లతో అదే దారిలో ఉన్నారని ఆమెకు తెలుసు. అయినా అది తన కళ్ళతో చూసి, తన చేత్తో రాసింది. మౌఖిక పరీక్షకు పట్టాభిరామయ్య గారు వద్దన్నా వినకుండా వచ్చి, షూటింగు అలవాటు కొద్దీ పరీక్షకుల దగ్గర్నుంచి గుమాస్తాల దాకా అందరికీ టిఫిను పొట్లాలు పంచేశారు. వెలుపలి ఊరినుంచి వచ్చిన పెద్దాయన పెసరట్టు తింటూ, "జిగురు రావడాన్ని మొట్టమొదట ఏ మాధ్యమంలో గమనించావమ్మా?" అని అడిగారు.

కొబ్బరినీళ్ళు, చక్కెర, పాళ్ళు, అన్నీ వరసగా చెప్పాలి. లీలకు ఆ క్షణాన అవేమీ గుర్తుకు రాలేదు.

"సినిమా మాధ్యమంలోనండీ" అంది.

పెద్దాయన నవ్వీ నవ్వీ పొలమారి నీళ్ళు తాగాల్సొచ్చింది. ఆ తరవాత ప్రశ్నలేవీ కష్టంగా లేవు.

పట్టా వచ్చిన వారానికి ఒక మహిళా కళాశాలలో ఉద్యోగం కూడా వచ్చింది. ఆ కబురు చెప్పడానికి వెళ్ళినప్పుడు శాంత గారు కాసేపు కాగితాలు అటూ ఇటూ సర్ది, "ఆ సినిమా ఇంకా ఎక్కడైనా ఆడుతోందా?" అని అడిగారు.

విడుదలై అప్పటికి చాలా రోజులైంది. పెద్ద ఆటేమీ ఆడలేదు. అచ్యుతరామయ్య గారు మళ్ళీ రొయ్యల దగ్గరికే వెళ్ళిపోయారు. ఎర్రగడ్డ అవతల ఒక చిన్న హాల్లో మధ్యాహ్నం ఆటగా మళ్ళీ వేస్తున్నారు. ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. హాల్లో పట్టుమని పాతికమంది లేరు. శాంత గారు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, పరీక్షల హాల్లో పర్యవేక్షకురాలిలా నిటారుగా కూర్చున్నారు. పాటలొచ్చినప్పుడు కళ్ళజోడు తుడుచుకున్నారు. కుబుసం ఘట్టం వచ్చేసరికి ముందుకు వంగారు.

తెరమీద నీలంగా మెరిసింది. చీలింది. రమామణి బయటికొచ్చింది. పెదవులు విప్పింది. తుమ్మున్న చోట డబ్బింగులో ఒక భయంకరమైన బుస కలిపారు. ముందు వరసల్లో ఉన్న నలుగురూ ఈలలు వేసి చిల్లర విసిరారు. లీల పక్కకు చూసింది.

శాంత గారు ఆమె చెవి దగ్గరికి వంగి, "అంచులు ముడుచుకున్నాయి చూశావా? ఇంకా నెమ్మదిగా ఆరబెట్టాల్సింది" అన్నారు. తరవాత సంచీలోంచి చిల్లర తీసి, కొంచెం ఆలోచించి, తెరవైపు విసిరారు.